రెండు కాళ్ళదీ ఒకే మాట

రాజమండ్రిలో కోటగుమ్మం దాటి మెయిన్ రోడ్డులోకి తిరిగాక, ఒక పాత గొడుగు కింద కూర్చునే పెద్దాయన ఉన్నారు. ముందు మూడు కాళ్ళ ఇనప దిమ్మ. పక్కన ఆరె, రంపె, సొల్యూషన్ డబ్బా, మైనం పట్టించిన దారపు ఉండ. ఆయన ముందు ఆగి చెప్పు విప్పబోతుంటే, తల ఎత్తకుండానే అన్నారు: “ఎడం కాలిది టిప్పు పోయిందండి. లోపలి మేకు నేలకి తగులుతుంది.”

చూసి చెప్పలేదు, విని చెప్పారు. అప్పుడు గుర్తొచ్చింది. రెండు వారాలుగా ఆఫీసు వరండాలో నా కుడికాలు ‘టక్’ అంటోంది, ఎడమకాలు ‘టింగ్’ అంటోంది. చెవిన పడుతూనే ఉంది గానీ బుర్రకెక్కలేదు.

పావుగంటలో అయిపోయే పనికని వెళ్ళినదాన్ని, గంటసేపు ఆ గొడుగు నీడలోనే ఉండిపోయాను. హీల్స్ వేసుకోవడం మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటింది. రంగు చూసి కొన్నాను, ఎత్తు చూసి కొన్నాను, డిస్కౌంటు బోర్డు చూసి కొన్నాను. లోపలేముందో చూసి ఒక్క జత కూడా కొనలేదు. ఎత్తు మడమల చెప్పుని ఎలా ఎంచుకోవాలో అమ్మేవాళ్ళకన్నా విప్పి బాగుచేసేవాళ్ళకే బాగా తెలుసని ఆ గంటలో అర్థమైంది.

ముందు టిప్పు సంగతి. మడమ చివర బిగించే ముక్క అది. సన్న హీల్‌కైతే చిటికెన వేలి గోరంత ఉంటుంది, అంతే. గట్టి ప్లాస్టిక్ ముక్క, దాని నడుమ నుంచి మడమలోకి దిగే ఒక ఇనప మేకు. అరవై కిలోల మనిషి అడుగు వేసినప్పుడు బరువంతా ఒక్క క్షణం దాని మీదే నిలుస్తుంది. ముక్క చదరపు సెంటీమీటరు ఉందనుకుంటే ఆ చదరపు సెంటీమీటరు మీద 60 కిలోలు. నాలుగు టన్నుల ఏనుగు నాలుగు కాళ్ళ మీద నిలబడితే, దాని అరికాలి కింద చదరపు సెంటీమీటరుకి కిలో బరువైనా పడదు. పెళ్ళి హాల్లో మార్బుల్ గచ్చుకి ఏనుగు కన్నా మనమే బరువన్నమాట.

పాత మేకుని ఆయన పట్టుకారుతో ఊపి లాగలేదు. మడమ నిలువుగా ఎటుందో చూసుకుని, సరిగ్గా అదే దారిలో వెనక్కి తీశారు. వంకరగా లాగితే రంధ్రం వెడల్పవుతుందట, మళ్ళీ ఏ మేకూ పట్టదట. కొత్త టిప్పు మడమ కన్నా కాస్త పెద్దదే పెట్టి సుత్తితో మూడే దెబ్బలు వేశారు. తర్వాత రంపె అందుకున్నారు. మామిడికాయ తొక్క తెగకుండా తీసే చేతిలా, కత్తి కదలకుండా చెప్పునే తిప్పుతూ పోయారు. ప్లాస్టిక్ అంచు సన్నని చుట్టలా రాలింది. మడమ మీది నల్ల తొడుగుకి గీత పడలేదు. ఆఖర్ని బొటనవేలి గోరు అతుకు మీద పైనుంచి కిందికి జార్చారు. ఒకచోట గోరు ఆగింది. వెంట్రుక మందం మళ్ళీ చెక్కారు. ఈసారి జారిపోయింది.

పని అయిపోయిందనుకుని కాలు చాపాను. ఆయన ఇవ్వలేదు. జతని ఒక చెక్క పలక మీద పక్కపక్కన నిలబెట్టి, ఒక్కో దాని వెనక భాగాన్ని వేలితో మీటారు. కుడిది ఒకసారి ఊగి నిలబడింది. ఎడమది రెండు మూడు సార్లు ఊగింది.

“మడమ కూడా కదులుతుందండి. సూడమంటారా?”

“చూడండి బాబాయ్,” అన్నాను. పాదం ఆనే మెత్తని పొరని మడమ దగ్గర లేపి చూపించారు. మూడు మేకులు. అందులో ఒకటి వంగిపోయి ఉంది. “నడుమ స్క్రూ ఉండాలండి. సుట్టూ నాలుగు మేకులు. ఇది సొల్యూషన్ మీద నిలబడిందండీ బాబూ!”

ఎత్తు మడమని చెప్పుకి కిందనుంచి బిగించరు, పైనుంచి, అంటే పాదం పెట్టే వైపునుంచి బిగిస్తారు. లోపలి గట్టి అట్టలోంచి స్క్రూ మడమ నడుముకి దిగాలి. చుట్టూ మేకులు కాస్త ఏటవాలుగా, ఒకదానికొకటి ఎదురుగా దిగాలి. అన్నీ నిటారుగా ఉంటే ఒకే వైపు లాగినప్పుడు అన్నీ కలిసి ఊడొస్తాయి, ఏటవాలుగా ఉంటే ఒకదాన్ని లాగితే ఇంకొకటి బిగుసుకుంటుంది. ఈ పనంతా ఆ మెత్తని పొర కింద దాక్కుంటుంది. కొనేవాళ్ళకి కనిపించదు కాబట్టి, పొదుపు చెయ్యాలనుకున్న తయారీదారు చేతికి మొదట తగిలేది ఇదే.

అక్కడే ఇంకోటి కనిపించింది. మడమ దగ్గర మొదలై పాదం నడుము కిందుగా ముందుకి సాగే ఒక ఉక్కు రేకు. జానెడు కన్నా తక్కువ పొడుగు, వేలెడు వెడల్పు, మధ్యలో నిలువునా ఒక గాడి. దాన్ని షాంక్ అంటారు. పలచని రేకు వంగకుండా ఉండటానికే ఆ గాడి. పాకల మీద వేసే రేకులకి మడతలు పెట్టేదీ అందుకే.

వంతెన అంటే ఏమిటో రాజమండ్రి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎత్తు మడమల చెప్పు కూడా ఒక వంతెనే. వెనక మడమ ఒక స్తంభం, ముందు మునిపాదం కింది అట్ట రెండో స్తంభం. నడుమ ఖాళీ. ఆ ఖాళీ మీద మనిషి బరువు పడుతూ లేస్తూ ఉంటుంది. ఇక్కడ గోదావరి మీద 1997లో పూర్తయిన ఆర్చి వంతెనకి 28 ఆర్చీలు. మన చెప్పుకి ఒకే ఒక్క ఆర్చి, దానికి ఉక్కు ఈ రేకు. ఇది పలచనైతే నడుస్తుంటే చెప్పు నడుం దిగబడి మడమ వెనక్కి జరుగుతుంది. మనం మాత్రం “ఈ హీల్స్ నాకు అచ్చిరావు” అనుకుని అటకెక్కిస్తాం.

ఈ రేకు గొప్పదనం లోకానికి బాగా తెలియజేసినవాళ్ళలో ఇటలీ చెప్పుల శిల్పి సల్వతోరే ఫెర్రగామో ఒకరు. 1898లో ఒక పల్లెటూళ్ళో పుట్టి, అమెరికా వెళ్ళి సినిమా తారలకి చెప్పులు చేసి పేరు తెచ్చుకున్నాడు. అందంగా ఉన్న చెప్పు కాలిని ఎందుకు బాధపెడుతుందో తెలుసుకోవాలని శరీర నిర్మాణ శాస్త్రం చదివాడు. నిలబడ్డ మనిషి బరువు పాదం నడుమ వంపు మీదుగా దిగుతుందని గ్రహించి, ఆ వంపు కింద ఉక్కు ఊతం పెట్టాడు. 1930ల్లో ఇటలీ మీద ఆంక్షలు పడి మంచి ఉక్కు దొరక్కపోతే ఆ ఖాళీనే పూడ్చేశాడు. సీసా బిరడాలకి వాడే కార్క్ చెక్కని మడమ నుంచి ముందుదాకా నింపాడు. ఇవాళ మనం వెడ్జెస్ అని కొంటున్నది ఆ కరువులో పుట్టిందే. వెడ్జ్‌లో కింద ఖాళీ లేదు కాబట్టి షాంక్ నాసిరకమైనా మోసం తక్కువ. తక్కువ ధరలో ఎత్తు కావాలనుకునేవాళ్ళు సన్న హీల్ కన్నా వెడ్జ్ వైపు చూడటం తెలివైన పని.

సూది మడమ, అంటే స్టిలెట్టో, వచ్చింది 1950ల్లో. ఆ పేరుకి ఇటాలియన్‌లో చిన్న బాకు అని అర్థం. చెక్కతో అంత సన్నగా చేస్తే విరిగిపోతుంది. ప్లాస్టిక్ మడమలో లోహపు కడ్డీ పెట్టగలిగాకే అంత సన్నదనం నిలబడింది.

ఎత్తు చెప్పులు మనకీ కొత్త కావు. పాంకోళ్ళు చూడండి. ఒకే చెక్కలో చెక్కిన పలక, కింద ముందొక దిమ్మ, వెనకొక దిమ్మ, వేళ్ళ నడుమ ఇరికించుకోవడానికి ఒక గుబ్బ. అక్కడా రెండు స్తంభాలూ నడుమ ఖాళీయే. ఉక్కు లేదు కాబట్టి వడ్రంగి చెక్క నార ఎటు సాగిందో చూసి పొడుగువారగా తీసుకునేవాడు. ఇక చర్మానికొస్తే మన కిర్రు చెప్పులు. నడుస్తుంటే కిర్రు కిర్రుమనాలి, ఊళ్ళోకి ఎవరొస్తున్నారో మనిషి కన్నా ముందు చప్పుడు చెప్పాలి. చెప్పు చేసేవాడు అందాన్ని చెవికి కూడా కుట్టిపెట్టిన కాలం అది. ఇవాళ్టి హీల్ చేసే టక్‌టక్‌లోనూ ఆ దర్జాయే ఉంది. నా చెప్పు గొంతు మారిందని ఆ పెద్దాయన పట్టుకున్నది ఆ వంశపు చెవితోనే కావచ్చు.

మడమ బిగిస్తుండగా అడిగాను, “బాబాయ్, పన్లో పని, ఒక అంగుళం కోసి ఎత్తు తగ్గించరూ?”

ఆయన నవ్వారు. “కోత్తే ముక్కు లేత్తాదండి.”

చూపించారు కూడా. చెప్పుని పలక అంచున పెట్టి మడమని కిందికి జార్చారు. ముందు భాగం పడవ ముక్కులా గాల్లోకి లేచింది. ప్రతి చెప్పూ ఒక అచ్చు మీద తయారవుతుంది. ఆ అచ్చుకి ఒక ఎత్తు రాసిపెట్టి ఉంటుంది. రెండంగుళాల మడమకి ఒక అచ్చు, మూడంగుళాలకి ఇంకొకటి. షాంక్ వంపు, లోపలి అట్ట వాలు, వేళ్ళ దగ్గరి మలుపు అన్నీ ఆ ఎత్తుకి కుదిరినవే. అరంగుళం లోపు తగ్గించడమే కష్టం, అంగుళం కోస్తే అది వేరే చెప్పు. కాబట్టి ఎత్తు సంగతి కొనేటప్పుడే తేల్చుకోవాలి, కొన్నాక సర్దుకుందాం అంటే కుదరదు.

అచ్చు అనగానే ఇంకో చిక్కు. ఎవరి పాదం చూసి చేసిన అచ్చు? మన డబ్బాల మీద ఉండేవి ఇన్నాళ్ళూ ఇంగ్లండు, యూరపు, అమెరికా అంకెలే. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా మనుషుల పాదాలు కొలిచింది. మనవాళ్ళ పాదం యూరపు పాదం కన్నా వెడల్పని తేలింది. ఆ కొలతలతో ‘భ’ అనే మన సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. భారత్‌లోని ‘భ’ అది. 1948లో మొదలైన ఆ సంస్థని 1958 నుంచి 1971 దాకా నడిపింది మన తెలుగువాడే, తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలు పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో రైతుబిడ్డ దాన్నే శాస్త్రంగా ఎంచుకున్నాడు.

పొడుగు సరిపోయినా వెడల్పు చాలని చెప్పుని మనం ఒక సైజు పెద్దది తీసుకుని సర్దుకుంటాం. అప్పుడు వేళ్ళకి చోటు దొరుకుతుంది, మడమ మాత్రం వెనక జారుతుంది. హీల్స్‌లో అది మరీ ప్రమాదం. ముందు వెడల్పు, వెనక బిగువు, రెండూ ఒకే చెప్పులో దొరికేదాకా వెతకాలి. సాయంత్రం పూట వెళ్ళాలి. పగలంతా నిలబడి నడిచాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, చెప్పు మొయ్యాల్సింది ఆ పాదాన్నే. రెండు కాళ్ళూ ఒక్క కొలత ఉండవు, పెద్ద కాలికి సరిపోయేది తీసుకోవాలి.

ఆ చెన్నై లెక్కలకీ ఇటలీ అచ్చులకీ కూడా అందనివి కొన్ని మన కాళ్ళకి ఉన్నాయి. మొదటిది మెట్టెలు. మూసి ఉన్న మొనదేలిన చెప్పులో మెట్టె పక్కవేలిని నొక్కి సాయంత్రానికి ఎర్రగా కందిస్తుంది. మెట్టెలు తీయనివాళ్ళకి వేళ్ళు బయటికి కనిపించే రకమో, ముక్కు గుండ్రంగా ఉండే రకమో మేలు. రెండోది పట్టీలు. చీలమండ చుట్టూ బెల్టు ఉన్న చెప్పు పట్టీని పట్టుకుని లాగుతుంది. మూడోది చీర. చెప్పులేసుకున్నాకే చీర కట్టుకోవాలి, కట్టుకున్నాక చెప్పులేసుకుంటే కుచ్చిళ్ళు నేలనుంచి రెండంగుళాలు పైకి తేలిపోతాయి. బకిల్‌కి పదునైన మూల ఉంటే ఫాల్ చిరుగుతుంది. కొనేముందు బకిల్ చుట్టూ చున్నీ అంచు ఒకసారి లాగి చూస్తే తెలిసిపోతుంది.

ఇక మన నేల. కోనసీమలో పెళ్ళికి వెళ్ళారనుకోండి. కొబ్బరితోటలో పందిరి, కింద పచ్చ తివాచీ, దాని కింద నిన్న తడిపిన ఒండ్రు మట్టి. చదరపు సెంటీమీటరుకి 60 కిలోల లెక్క అక్కడ అసలు రంగు చూపిస్తుంది. సూది మడమ తివాచీతో సహా దిగిపోతుంది, కాలు వస్తుంది, చెప్పు రాదు. అక్షింతలు వెయ్యడానికి మండపం ఎక్కేముందు చెప్పులు విడవాలి, దిగాక మళ్ళీ వేసుకోవాలి. చేతిలో బహుమతి, చంకలో పిల్ల, ఒంటికాలి మీద నిలబడి బకిల్ పెట్టుకోవడం సర్కస్. అందుకని డెల్టా పెళ్ళికి నేల తాకే చోట కనీసం రెండు వేళ్ళ వెడల్పు ఉండే బ్లాక్ హీల్ గానీ, వెడ్జ్ గానీ కావాలి. మడమ వెనక పట్టీలో ఎలాస్టిక్ ఉండి, వేలితో లాగితే చాలన్నట్టు ఉండాలి. సూది మడమని రాజమండ్రి హోటల్ హాల్లో జరిగే రిసెప్షన్‌కి దాచుకోండి. గట్టి గచ్చు, కాసేపటి పని, ఫొటోలు. అక్కడ దానికి సాటి లేదు.

ఆఫీసుకైతే లెక్క వేరు. స్టేషన్లో పైవంతెన మెట్లు, బస్టాండు గతుకులు, కాలవల మీద కంతల ఇనప మూతలు, అన్నీ దాటాక ఎనిమిది గంటలు. ఒకటిన్నర, మహా అయితే రెండంగుళాల మందపాటి మడమ చాలు. ముందు భాగం కింద కూడా కాస్త మందం ఉంటే వాలు తగ్గుతుంది. వెనక మూడంగుళాలున్నా ముందు ఒక అంగుళం ఉంటే పాదానికి తెలిసే ఎత్తు రెండే. అడుగున రబ్బరు గీతలు ఉండాలి. నున్నటి సోలు వానాకాలంలో బ్యాంకు మెట్ల మీద పరువు తీస్తుంది.

వానాకాలం అన్నాను కదా, మన గాలిలోని తేమ ఇంకో పని చేస్తుంది. రెండేళ్ళ కిందట శుభకార్యానికి కొని, ఒకసారి వేసుకుని, పాలిథిన్ కవరులో చుట్టి బీరువాలో దాచిన జత ఉంటుంది. తీసి వేసుకుంటే రెండు వీధులు దాటేలోపు సోలు పాత సున్నం పెచ్చుల్లా రాలుతుంది. నాకు జరిగింది. దుకాణం వాడు మోసం చేశాడని తిట్టుకున్నాను. పెద్దాయన ఆ కథ విని తల అడ్డంగా ఊపారు. “దాసిపెట్టి పాడుసేసుకున్నారండి.” తేలికగా మెత్తగా ఉండే పాలీయురిథేన్ సోలుని గాలిలోని నీటి ఆవిరి లోలోపల విడగొడుతుంది, వేసుకోకపోయినా సరే. కవరులో కట్టేస్తే తేమ బయటికి పోయే దారే ఉండదు. నెలకోసారి తీసి నీడన గాలికి పెట్టాలి, వేసుకుని తిరగాలి. దాచుకునే జతకి రబ్బరు జాతి సోలు ఉన్నది చూసుకోవాలి.

అయితే దుకాణంలో ఏం చూడాలి? ఆయన దగ్గర నేర్చుకున్నది చెబుతాను. జతని గాజు కౌంటరు మీద నిలబెట్టి కళ్ళు ఆ ఎత్తుకి దించి వెనకనుంచి చూడండి. రెండు మడమలూ నిటారుగా, ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండాలి. టిప్పు మొత్తం గాజుని తాకాలి, కింద కాగితం దూరకూడదు. వేలితో మీటండి, ఒక ఊపుకి నిలబడాలి. చేతిలోకి తీసుకుని వంచండి. వేళ్ళు మొదలయ్యే చోట వంగాలి, నడుం దగ్గర వంగకూడదు. మడమని పట్టుకునే వెనక గోడని రెండు వేళ్ళతో నొక్కండి, లోపలికి పోయి వెంటనే తిరిగి రావాలి. పట్టీలు సోలులోకి దూరే చోట గట్టిగా లాగండి, అక్కడ గీత తెరుచుకుంటే వదిలేయండి. ఆఖర్ని అంచులు. మంచి పనివాడు తోలు అంచుని ముందు పలచగా చెక్కి, లోపలికి మడిచి, దగ్గర దగ్గర కుట్లతో కుడతాడు. వేలితో తడిమితే చీర అంచులా ఉంటుంది. నాసి పనిలో కోసిన అంచు మీద రంగు పూసి వదిలేస్తారు. రంగు నెల ఉంటుంది, మడత ఏళ్ళు ఉంటుంది.

ఇన్ని చెప్పిన మనిషికి దుకాణం లేదు, బోర్డు లేదు. ఇదే ఊళ్ళో 1915-16 ప్రాంతంలో కవి గుర్రం జాషువా మూగ సినిమాలకి కథ, సంభాషణలు చదివి వినిపించే కొలువు చేశాడు. తర్వాత 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు చెప్పులు కుట్టి బతికేవాణ్ణే కావ్యనాయకుణ్ణి చేశాడు. తెర మీది మూగ బొమ్మలకి మాట ఇచ్చినవాడికి ఈ పనివాడి మౌనం వినబడటంలో వింత లేదు. మనం మాత్రం ఇప్పటికీ జతకి రెండు వేలు అడిగిన చోట నోరెత్తం, దాన్ని నిలబెట్టే పనికి నూటయాభై అంటే బేరమాడతాం.

ఆయన స్క్రూ బిగించారు. వంగిన మేకు తీసేసి నాలుగు కొత్తవి ఏటవాలుగా దించి, వాటి తలలు అట్టలోకి అణిగేదాకా కొట్టి, అరచేత్తో తడిమి చూశారు. మెత్తని పొర మళ్ళీ అతికించి నొక్కిపెట్టారు. పైకి ఏమీ మారలేదు. పొద్దున నేను తెచ్చిన చెప్పే.

“నడవండి,” అన్నారు.

గొడుగు నుంచి కరెంటు స్తంభం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆయన నా కాళ్ళ వైపు చూడలేదు. అప్పటికే ఎవరిదో స్కూలు బూటు దిమ్మ మీద పెట్టి దారం ఎక్కించుకుంటున్నారు. చెవి మాత్రం నా వైపే ఉంది.

“రెండూ ఒకటే మాటంటన్నాయండి. ఇంక వెళ్ళిరండి.”